కారు షెడ్డు గోడకి పనిముట్ల బోర్డు: ప్లైవుడ్డా, చిల్లుల రేకా? అసలు గోడ ఆపుతుందా?

గోదారి_గాలి (రాజమండ్రి):

అందరికీ నమస్తే అండీ. చాన్నాళ్ళుగా చదువుతున్నా గానీ ఇక్కడ రాయడం ఇదే మొదలు, తప్పులుంటే సర్దుకోండి.

విషయం ఏంటంటే మా నాన్నగారు ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యారు, ఆయన పనిముట్లన్నీ రెండు గోనెసంచుల్లోనూ ఒక పాత ట్రంకు పెట్టెలోనూ ఉన్నాయి, వాటికి తోడు నేను ఆఫర్ కనపడినప్పుడల్లా కొన్న డ్రిల్లు మిషను, గ్రైండరు, జిగ్‌సా, ఇంకా ఏవేవో. ఇప్పుడు ఇంట్లో ఏ చిన్న పని పడినా పని పది నిమిషాలు, వెతుకులాట ముప్పావుగంట. మొన్న బోరు మోటారు దగ్గర పైపు లీకైతే పైపు రెంచి కోసం రెండు సంచులూ బోర్లించి, దొరక్క పక్కింటికెళ్ళి అడిగి తెచ్చుకున్నా, తీరా దాని పిడి మీద నాన్న ఉలితో కొట్టుకున్న గుర్తు ఉంది, అంటే అది మాదే, పోయినేడు వాళ్ళు పట్టుకెళ్ళిందే. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

అందుకని కారు షెడ్డు గోడకి ఒక బోర్డు కొట్టి అన్నీ కళ్ళ ముందు వేలాడదీద్దామని. షెడ్డు 10 అడుగుల వెడల్పు, 18 పొడవు, పైన స్లాబు, ముందు గ్రిల్లు గేటు. ఇంటి వైపు గోడకి 8 అడుగులు ఖాళీ ఉంది, దానికి ఎడమ చివర ఒక స్విచ్ బోర్డు. ఆ గోడ కింద రెండడుగుల దాకా వానాకాలం చెమ్మెక్కి సున్నం పొడిపొడిగా రాలుతుంది, అదొక బాధ. వీడియోల్లో చూస్తే ఒకడు చిల్లుల బోర్డు అంటాడు, ఇంకొకడు ఫ్రెంచ్ క్లీట్ అంటాడు, ఒకాయన ఇనప రేకు అంటాడు. మన వాతావరణానికి ఏది నిలబడుద్ది? గోడకి గిట్టీలు (స్క్రూ పట్టుకోడానికి బొక్కలో దూర్చే ప్లగ్గులు) కొడితే ఇంత బరువు ఆపుతాయా లేక ఓ రోజు మొత్తం కారు మీద పడుద్దా? బడ్జెట్ 5 వేలు, దసరా లోపు అయిపోవాలి, ఎందుకంటే ఆయుధపూజకి నాన్న ప్రతి పానానీ బయటకి తీసి కిరసనాయిలుతో తుడిచి బొట్టు పెడతారు, ఆ తర్వాత మళ్ళీ సంచుల్లోకి పోకుండా నేరుగా గోడెక్కించేద్దామని నా ప్లాను. ఆయనకి ఇంకా చెప్పలేదు.


ఉలి_బాడిత (విశాఖపట్నం):

తమ్ముడూ, మాది వడ్రంగం చేసిన కుటుంబమే, ఇప్పుడు నేను వేరే ఉద్యోగం అనుకో, కానీ చేతి దురద పోలేదు. నీ పోస్టులో బోర్డు గురించి చాలా అడిగావు గానీ సామాను ఎంతుందో చెప్పలేదు. ముందు ఏదీ కొనకు. ఓ ఆదివారం పొద్దున్నే కారు బయట పెట్టేసి, షెడ్డు నేల మీద 8 అడుగులు బై 4 అడుగులు సుద్దముక్కతో గీత గీసి, ఆ గీతల్లోపల నీ పనిముట్లన్నీ పరువు. సుత్తులు ఒక చోట, పానాలు ఒక చోట, ఉలి, ఆకురాయి, రంపం ఒక చోట. పట్టకపోతే తెలిసిపోద్ది, మిగిలిపోతే ఇంకా మంచిది. అప్పుడే తెలుస్తుంది ఇంట్లో మూడు కటింగ్ ప్లేయర్లున్నాయనీ వాటిలో రెండు కదలవనీ. మా ఇంట్లో పరిచినప్పుడు ఏడు స్క్రూడ్రైవర్లు తేలాయి, ఏడింటికీ మొన అరిగిపోయి ఉంది, ఎవరూ పారెయ్యరు, ఎందుకో మరి.

పరిచిన దాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకో. అదే నీ డ్రాయింగు.

ఇక సరుకు. చిల్లుల హార్డ్‌బోర్డు మన దగ్గర వద్దు, చెమ్మకి ఉబ్బుద్ది. ఎమ్‌డీఎఫ్, అదే చెక్కపొడి అతికించి చేసే బోర్డు, అసలే వద్దు, పక్కన బకెట్టు నీళ్ళు ఒలికినా అప్పడంలా పొంగుద్ది. ప్లైవుడ్డు తీసుకో, వెనకాల ఐఎస్ 710 అని ముద్ర ఉన్న మెరైన్ రకం, మందం 18 ఎమ్ఎమ్. 12 చాలదా అంటారు, చాలుద్ది గానీ 12లో స్క్రూకి కాటు తక్కువ, బరువైన కొక్కెం ఏదైనా కొడితే కొన్నాళ్ళకి ఊగులాడుద్ది. 18 అయితే ఎక్కడ మనసు పుడితే అక్కడ ఓ స్క్రూ దింపేయొచ్చు, వెనకాల ఏముందో చూసుకోనక్కర్లేదు. 4 బై 4 ముక్క 17 కిలోల దాకా తూగుద్ది, 8 బై 4కి దానికి రెట్టింపు, దానిపైన నీ సామాను ఇంకో పాతిక ముప్పై వేసుకో. నీ గోడకి అదేం పెద్ద లెక్క కాదు, లెక్కంతా నువ్వు బిగించే తీరులోనే ఉంది.

ప్లైని నేరుగా గోడకి అతికించకు. ముందు గోడకి అంగుళం మందం, రెండంగుళాల వెడల్పు టేకు రీపర్లు (చెక్క పట్టీలు) మూడు అడ్డంగా కొట్టు, పైన ఒకటి, మధ్యలో ఒకటి, కింద ఒకటి, వాటి మీద ప్లై. వెనకాల అంగుళం సందు ఉంటే గాలి ఆడుద్ది, చెమ్మ ప్లైకి ఎక్కదు, ఇంకోటి, చెదలు మట్టి గొట్టాలు కట్టుకుంటూ పైకొస్తుంటే పక్కనుంచి టార్చి వేస్తే కనపడతాయి. గోడకి అంటించేస్తే బోర్డు తినేసే దాకా నీకు తెలీదు. రీపర్లకి వెనక వైపూ చివర్లకీ చెదల మందు రెండు సార్లు పట్టించి ఎండబెట్టు. ప్లై అంచులకి కూడా, నాలుగు వైపులా, పెయింటో వార్నిషో కొట్టాలి. ముఖానికి అందరూ కొడతారు, అంచులు మర్చిపోతారు, నీళ్ళు తాగేది అంచులే.

బోర్డు కింద అంచు నేలకి రెండున్నర మూడడుగుల ఎత్తులో ఉండాలి. నీ చెమ్మ గీత రెండడుగులు అన్నావు కాబట్టి మూడే పెట్టుకో.


డాలస్_బావ:

హాయ్ బ్రో, నాది డాలస్ దగ్గర, టూ కార్ గరాజ్, పోయిన సమ్మర్‌లో ఇదే పని చేశా కాబట్టి చెప్తున్నా. స్టడ్ ఫైండర్ ఒకటి కొనుక్కో, చాలా ఈజీ, గోడ మీద జరుపుకుంటూ పోతే బీప్ అంటుంది, ప్రతి 16 అంగుళాలకి ఒక స్టడ్, అంటే గోడ లోపల నిలువు కర్ర, ఉంటుంది, వాటికి డైరెక్ట్‌గా స్క్రూలు దింపితే ప్లగ్గులు గిగ్గులు ఏం అక్కర్లేదు, నేను మొత్తం గంటలో బిగించేశా.


కరీంనగర్_పిలగాడు:

డాలస్ అన్నా, గా బీప్ మిషన్ రాజమండ్రి గోడ మీద పెడితే పొద్దుగూకే దాకా జరుపుకుంటనే ఉండాలె 😄 మనయి ఇటుక గోడలన్నా, లోపట కట్టెలు ఏడికెళ్ళి వస్తయి.


డాలస్_బావ:

అయ్యో నిజమే 🙏 ఇక్కడ గోడంటే అర అంగుళం జిప్సం షీటు, దాని వెనకాల కర్రలు, అంతే కదా, గుద్దితే చెయ్యి అవతలకి పోతుంది. ఆ కర్రని టూ బై ఫోర్ అంటారు గానీ టేప్ పెట్టి కొలిస్తే ఒకటిన్నర బై మూడున్నర అంగుళాలే, వచ్చిన కొత్తలో నేను షాప్ వాడితో గొడవ పెట్టుకోబోయా. సరే గోడ సంగతి వదిలేయ్ గానీ చిల్లుల బోర్డు మీద నా అనుభవం మాత్రం ఎక్కడైనా పనికొస్తుంది. చిల్లులు అంగుళానికి ఒకటి ఉంటాయి, కొక్కేలు చూడ్డానికి బాగానే ఉంటాయి, కానీ పల్చటి బోర్డుకి వేసే కొక్కెం ఒకటి, మందం బోర్డుకి వేసేది ఇంకోటి, నేను చూసుకోకుండా కలిపి కొన్నా, సుత్తి తీసిన ప్రతిసారీ సుత్తితో పాటు కొక్కెం కూడా ఊడొచ్చేది. ఆర్నెల్లు ఓపిక పట్టి పీకేశా. ఇప్పుడు ఫ్రెంచ్ క్లీట్, హాయిగా ఉంది.


కరీంనగర్_పిలగాడు:

గోదారి అన్నా, బోర్డు సంగతి ఉలి అన్న మంచిగ చెప్పిండు. నేను గోడ సంగతి చెప్త, నాకు ఇంటీరియర్ వర్క్ సైట్ల మీద తిరుగుడే పని. నీ గోడ ఏం గోడనో ముందుగాల నువ్వు తెలుసుకోవాలె. బోర్డు కిందికి పోయి కనపడకుండపోయే జాగల 6 ఎమ్ఎమ్ బిట్‌తోని ఒక్క బొక్క కొట్టు, కింద తెల్ల కాయితం పట్టు, పొడి సూడు.

ముందుగాల బూడిద రంగుల ఇసుక లెక్క వస్తది, గది ప్లాస్టరింగ్, అర అంగుళం నుంచి ముప్పావంగుళం దాకా ఉంటది, దాన్ల ఏం పట్టు ఉండదు, లెక్కల్నే తీసుకోకు. గది దాటినంక ఎర్ర పొడి వస్తే మట్టి ఇటుక, మస్తు, టెన్షన్ లేదు. బూడిద రంగే వస్తా ఉండి బిట్ మంచిగనే దిగుతుంటే ఫ్లై యాష్ ఇటుక, అది గూడ మంచిదే. బిట్ ముందుకు పోక కీచుమంటుంటే కాంక్రీటు, నువ్వు పిల్లర్ మీదనో బీమ్ మీదనో పడ్డవ్, హ్యామర్ మోడ్ (బిట్ తిరుక్కుంట గుద్దేది) పెట్టుకోవాలె, పట్టు మాత్రం అన్నిటికన్న గట్టిగ ఉంటది. ఇగ తెల్లగ పిండి లెక్క జలజల రాలి, బిట్ వెన్నల దిగినట్టు దిగితే అది ఏఏసీ బ్లాకు, తేలిక ఇటుక అంటరు గదా, ఈ మధ్య అపార్ట్‌మెంట్లన్నీ దాంతోనే. దాంట్ల హ్యామర్ పెట్టి కొట్టినవనుకో బొక్క వెడల్పయి గిట్టీ గిర్రున తిరుగుతది. ఉత్త డ్రిల్ మోడ్‌ల కొట్టాలె, పొడుగు నైలాన్ ప్లగ్గులు వాడాలె.

ఇటుక గోడ అయితే 10 ఎమ్ఎమ్ నైలాన్ ప్లగ్గు, 100 పొడుగుది, స్క్రూ దాంతోనే వస్తది. లెక్క చెప్త సూడు: రీపరు 25, ప్లాస్టరు 15, కలిపితే 40, మిగిలిన 60 ఇటుకల కూసుంటది, చాలు. చానామంది ఏం చేస్తరంటే 50 స్క్రూ తెచ్చి రీపరుకు కొడ్తరు, అది ప్లాస్టరు దాటి ఇటుకల 10 ఎమ్ఎమ్ పట్టుకొని ఉంటది అంతే, నెలకు ఊడి వస్తది, ఇగ గోడ మంచిది కాదు అని తిడ్తరు. రీపరుకు నాలుగు ప్లగ్గులు, మూడు రీపర్లకు పన్నెండు. బిట్‌కు 75 దగ్గర ఇన్సులేషన్ టేపు చుట్టు, గంతే లోతు, కొంచెం ఎక్కువున్నా ఏం గాదు. బొక్కల పొడి మొత్తం పోవాలె, నోటితోని ఊదితే కండ్లల్ల పడ్తది, సైకిల్ పంపు పెట్టి కొట్టు.

ఎర్ర పొడి వస్తా వస్తా ఒక్కసారి ఇసుక రంగుకు మారి బిట్ జర్రున పోయిందంటే రెండు ఇటుకల నడుమ సిమెంటు సందుల పడ్డవన్నట్టు. ఆడ ప్లగ్గు వెయ్యకు, రీపర్ మీద జరిపి ఇంకో బొక్క కొట్టు.

స్విచ్ బోర్డు ఎడమ చివర ఉన్నదన్నవ్ గదా. వైరు పైపు ఆ బోర్డు నుంచి నిలువుగ పైకి స్లాబు దాకా పోతది, లేకపోతే అడ్డంగ పక్క బోర్డుకు పోతది. దానికి నిలువుగా అడ్డంగా రెండు పక్కలా తలో ఆరంగుళాలు ఇడిసిపెట్టు. ఆ లైన్ ఎమ్‌సీబీ (కరెంటు బంద్ చేసే స్విచ్) దించి, డ్రిల్లుకు కరెంటు వేరే రూమ్ నుంచి ఎక్స్‌టెన్షన్ గుంజుకో. ఇది తమాషా కాదన్నా, నేను కండ్లతోని సూసిన.


మేడమీదతోట (గుంటూరు):

నేను మొక్కల సామాను కోసం చేయించుకున్నదే అండీ, కార్ల సంగతి నాకు తెలీదు. మా అత్తగారి పాత ఇల్లు పడగొట్టినప్పుడు ఒక టేకు తలుపు రెక్క మిగిలింది, పలకలు పలకలుగా ఉంటుంది కదా పాతకాలం తలుపు, దాన్ని అడ్డంగా పడుకోబెట్టినట్టు గోడకి బిగించి పాత గొళ్ళేలకే తోటకత్తెర, కొడవలి, బొరిగె, గడ్డపార అన్నీ తగిలించాం. ప్లైవుడ్డుకి అడుగు వంద పైనే చెప్తున్నారు, మీ ఊళ్ళో ఎవరైనా పాత ఇల్లు విప్పుతుంటే ఒక్కసారి అడిగి చూడండి, పాత టేకుకి చెదలు కూడా తొందరగా పట్టవు. కాకపోతే బరువు, ఇద్దరు మగాళ్ళు ఎత్తలేకపోయారు.

ఇంకోటి. మేకులూ స్క్రూలూ వాషర్లూ అన్నీ ఒకే డబ్బాలో వేసి ఉంటాయి కదా ప్రతి ఇంట్లో, అది పెట్టుకోకండి. పచ్చడి సీసాల మూతల్ని ఒక చెక్క అరకి కింది వైపు స్క్రూతో బిగించేస్తే సీసా తిప్పి తీసుకోవచ్చు, తిప్పి పెట్టేయొచ్చు, గాజు కాబట్టి లోపల ఏముందో కనపడుతుంది. మూతకి రెండు స్క్రూలు వెయ్యండి, ఒకటే వేస్తే సీసాతో పాటు మూత కూడా తిరుగుతుంది. ఆవకాయ వాసన మాత్రం ఏడాది దాకా పోదు.


గోదారి_గాలి:

అమ్మో ఇంత మంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు, అందరికీ థ్యాంక్స్ అండీ. కరీంనగర్ అన్నా, నువ్వు చెప్పినట్టే బొక్క కొట్టి చూశా, ముందు బూడిద రంగు, తర్వాత ఎర్రగా వచ్చింది, అంటే మట్టి ఇటుకే. పొడి చూస్తుంటే నాన్న వచ్చి ఏంట్రా గోడకి జ్యోతిష్యం చూస్తున్నావా అన్నారు, ఇక చెప్పక తప్పలేదు. ఆయనకి బోర్డు నచ్చలేదు. బయటకి వేలాడదీస్తే గేటు దగ్గర నుంచి దొంగలకీ దొరలకీ అందరికీ కనపడుద్ది, అడిగేవాళ్ళు ఎక్కువైపోతారు అంటారు. సగం నిజమే అది.

నేల మీద పరిచా. 8 బై 4 లో పట్టలేదు 🙂 డబుల్ ఎండ్ పానాలే 6-7 నుంచి 20-22 దాకా రెండు సెట్లున్నాయి, రెండింట్లోనూ 10-11 లేదు. రింగు పానాలు వేరే. ఇవి కాకుండా గ్యారేజీ రోజుల నాటి సుత్తులు నాలుగు. ఒకటి రెండు కిలోల పైనే ఉంటుంది.

ఇప్పుడు డౌటు: ఫ్రెంచ్ క్లీటా మామూలు ప్లైకి మేకులా? డాలస్ బావ గారు హాయిగా ఉందంటున్నారు, ఉలి అన్న దాని పేరే ఎత్తలేదు.


ఉలి_బాడిత:

ఎత్తలేదు, ఎందుకంటే నీకు అక్కర్లేదు అనిపించింది. అది ఏంటో ముందు చెప్తా, ఆపైన నీ ఇష్టం. నాలుగంగుళాల ప్లై పట్టీని మధ్యలో నిలువునా కోస్తారు, కానీ రంపాన్ని 45 డిగ్రీలు వాల్చి. రెండు పట్టీలొస్తాయి. ఒకటి గోడకి, వాలు గోడ వైపుకి దిగేలా కొడతారు, అంటే గోడకీ పట్టీకీ మధ్య గాడిలా ఏర్పడుద్ది. రెండోది తిరగేసి పనిముట్టు స్టాండు వెనక బిగిస్తారు, అది పోయి ఆ గాడిలో కూర్చుంటది. ఎంత బరువు పెడితే అంత గోడకి లాక్కుంటుంది. స్టాండు కింద వైపు కూడా అదే మందం ముక్క ఒకటి అతికించాలి, లేకపోతే తల కిందకేసుకుని గోడలోకి వంగిపోద్ది.

మంచి పద్ధతే, ఎప్పుడు కావాలంటే అప్పుడు స్టాండ్లు జరుపుకోవచ్చు. కానీ ప్రతి పనిముట్టుకీ ఒక స్టాండు తయారు చెయ్యాలి. పానాకి ఒకటి, సుత్తికి ఒకటి, డ్రిల్లుకి ఒకటి. ఆ 45 కోత చేతి రంపంతో రాదు, అడితిలోనో కోత మిషను దగ్గరో కోయించాలి. డాలస్‌లో టేబుల్ సా ఇంట్లో ఉంటది, శీతాకాలం అంతా ఖాళీ, చేసుకుంటారు. నీకు దసరా లోపు అయిపోవాలి. నన్నడిగితే రెండూ కలుపు: బోర్డు మామూలు ప్లై, మేకులూ కొక్కేలూ. డ్రిల్లు, గ్రైండరు, జిగ్‌సా లాంటి మిషన్లకి మాత్రం కింద ఒక అర. మిషన్లని కొక్కేనికి వేలాడదియ్యడం నాకు నచ్చదు, వైరు లాగి వైరు లాగి జాయింటు దగ్గర తెగుద్ది.

డ్రిల్లుకి ఓ చిట్కా. రెండున్నర అంగుళాల పీవీసీ పైపు ముక్క, ఎనిమిదంగుళాల పొడుగు, ముందు వైపు నిలువునా పిడి పట్టేంత గాడి కోసి అర కింద బిగించు. డ్రిల్లు మూతి కిందికి పెడితే పిడి గాడిలోంచి బయటికుంటది. స్క్రూడ్రైవర్లకి అర అంగుళం పైపు ముక్కలు చాలు, ఏటవాలుగా కోసి వరసగా. ఉలుల మొనలు మాత్రం బయటికి ఉండకూడదు, పిల్లలుంటే వాటిని ఆరడుగుల పైన పెట్టు.

ఆ రెండు కిలోల సుత్తి పైన పెట్టకు! బరువైనవన్నీ నడుము ఎత్తులో. రోజూ వాడేవి మోచేతి నుంచి కళ్ళ దాకా. పైన ఏడాదికోసారి వాడేవి.

రీపర్లు మట్టంగా ఉన్నాయో లేవో 8 అడుగుల మీద చిన్న రసమట్టం పెట్టి చూస్తే మోసం చేస్తది. తాపీ మేస్త్రీలు వాడే నీళ్ళ ట్యూబు అడిగి తెచ్చుకో, రెండు చివర్లా నీళ్ళ గీత ఎక్కడుంటే అక్కడ పెన్సిలు గుర్తు, అంతే. ట్యూబులో బుడగలుంటే మాత్రం లెక్క తప్పు.


బండి_బాబాయ్ (కాకినాడ):

అన్నీ బానే చెప్పారు గానీ ఒకటి మర్చిపోయారు అందరూ. కారు. షెడ్డు 10 అడుగులే అన్నాడు అబ్బాయి. మామూలు కారు అయిదున్నర ఆరడుగులు తింటది, అద్దాలతో కలిపి ఇంకాస్త. డ్రైవరు తలుపు అటువైపే తెరుచుకుంటే? కారు లోపల పెట్టి, తలుపు పూర్తిగా తెరిచి, ఆ తలుపు అంచు గోడ మీద ఎక్కడికొస్తుందో సుద్దతో గుర్తెట్టుకోండి, ఆ తర్వాతే బోర్డు ఎక్కడో తేల్చుకోండి. మా బావమరిది బోర్డు కొట్టాక చూసుకున్నాడు, ఇప్పుడు కారు దిగాలంటే పక్క సీట్లోకి పాకి అటు నుంచి దిగుతాడు 😂

తుప్పు సంగతి కూడా. ఉలి బాబుకి తెలుసు, సముద్రం ఒడ్డున మాకు నెల తిరక్కుండానే పానా ఎర్రబడుద్ది. సంచిలో కన్నా గోడ మీద గాలి తగుల్తుంది కాబట్టి నయమే గానీ, కుట్టుమిషను నూనె తడిపిన గుడ్డ ఒకటి బోర్డుకే వేలాడదీసుకోండి, వాడాక ఓసారి తుడిచి పెట్టేయడమే. కొక్కేలు జీఐవో (జింకు పూత వేసిన ఇనుము) స్టీలువో తీసుకోండి, నల్ల మేకులు వద్దు, ముందు మేకు తుప్పు పట్టి తర్వాత పానాకి అంటిస్తది. గ్రైండరు డిస్కులు కూడా చెమ్మకి పాడవుతాయి, మధ్యలో ఇనప రింగు మీద చాలా వాటికి నెల, సంవత్సరం కొట్టి ఉంటది, అది గడువు. గడువు దాటిన డిస్కు తిప్పకండి, పగిలితే ముఖం మీదకొస్తది.

నాన్నగారు చెప్పిన దొంగల మాట తీసిపారెయ్యకండి. గ్రిల్లు గేటు అంటున్నారు, చెయ్యి దూరుద్దా దూరదా చూసుకోండి, ఖరీదైన మిషన్లు తాళం వేసే పెట్టెలోనే ఉంచండి.


గోదారి_గాలి:

అప్డేట్ అండీ, మూడు వారాలు పట్టింది, దసరాకి రెండ్రోజుల ముందు అయింది.

బాబాయ్ గారూ మీకు పాదాభివందనం, సుద్దతో గీసి చూస్తే డ్రైవరు తలుపు సరిగ్గా నేను బోర్డు అనుకున్న చోటే ఆగింది. అందుకని బోర్డుని అడుగున్నర వెనక్కి జరిపి, 8 బై 4 కాకుండా 6 బై 4 చేశా. ప్లై, రీపర్లు అడితిలో కోయించా, ప్లగ్గులు, కొక్కేలు, పెయింటు అన్నీ కలిపి 5 వేలు దాటి ఇంకో మూడొందలు అయింది. పన్నెండు ప్లగ్గుల్లో రెండు సిమెంటు సందులో పడ్డాయి, కరీంనగర్ అన్న చెప్పినట్టే ఎర్ర పొడి ఇసుక రంగుకి మారింది, కానీ ఒకదాన్ని బద్ధకించి అలాగే కొట్టేశా, బిగిస్తుంటే స్క్రూ తిరుగుతూనే ఉంది. పీకి పక్కన కొట్టాల్సొచ్చింది, రీపరుకి అక్కడో అనవసరపు బొక్క మిగిలింది, దాని మీదే సీసాల అర వచ్చింది కాబట్టి ఎవరికీ కనపడదు. నీళ్ళ ట్యూబు మేస్త్రీ దగ్గర తెచ్చా. అయినా పై రీపరు ఒక చివర రెండు నూళ్ళు, అంటే పావంగుళం, దిగింది, నాకు తప్ప ఎవరికీ తెలీదు అనుకున్నా, నాన్న గుమ్మం దగ్గర నుంచే కనిపెట్టేశారు.

నేను ఒక్కో పనిముట్టు చుట్టూ మార్కరుతో గీత గీశా, ఏది లేకపోయినా ఖాళీ బొమ్మ కనపడుతుందని. నాన్న అప్పటిదాకా కుర్చీలో కూర్చుని చూస్తున్నవారు లేచొచ్చి, గీతలు సరే, తీసుకెళ్ళింది ఎవరో గీత చెప్పుద్దా అన్నారు. తర్వాత ఆయన చెప్పింది బాగా నచ్చింది నాకు. గ్యారేజీ టూల్ రూములో ప్రతి మనిషికీ నంబరేసిన ఇత్తడి బిళ్ళలు ఉండేవట, పానా కావాలంటే బిళ్ళ ఇచ్చి తీసుకోవాలి, ఆ బిళ్ళని పానా ఉండాల్సిన మేకుకే తగిలించేవాళ్ళు, సాయంత్రం షిఫ్టు దిగేటప్పుడు గోడ చూస్తే చాలు ఎవడి దగ్గర ఏముందో తెలిసిపోయేది. మర్నాడు ఆయనే బజారుకెళ్ళి పాత సామాన్ల కొట్లో పది ఇత్తడి బిళ్ళలు తెచ్చారు, ఏవో పాత తాళాలకి ఉండేవి, చిల్లులతో సహా. పెయింటుతో ఎదురిల్లు, పక్కిల్లు, వెనకిల్లు, బావ, ఎలక్ట్రీషియన్ అని రాసి బోర్డు చివర ఒక మేకుకి గుత్తిగా వేలాడదీశారు. సంచులు వద్దన్న మనిషి కాదు ఆయన, ఒక గోనెసంచి ఉతికించి మడిచి అర మీద పెట్టుకున్నారు, దాన్ని ఎందుకు అని నేను అడగలేదు.

పూజ నాడు బోర్డు మీదున్న వాటికి అలాగే బొట్లు పెట్టి మధ్యలో ఒక బంతిపూల దండ వేశారు. ఫోటో పెడదామంటే ఇక్కడ అప్‌లోడ్ అవ్వట్లేదు.


కరీంనగర్_పిలగాడు:

బిళ్ళల ముచ్చట మస్తున్నది అన్నా, బాపుకు దండం పెట్టిన అని చెప్పు. 10-11 పానా దొరికిందా మరి?


గోదారి_గాలి:

దొరికింది, ఎక్కడో చెప్తే నవ్వుతారు, ట్రంకు పెట్టె మూత గొళ్ళెంలో తాళం బదులు దూర్చి ఉంది, పదేళ్ళుగా రోజూ చూస్తూనే ఉన్నాం. దాన్ని తీసి బోర్డుకెక్కించి నాలుగు రోజులైంది. ఇప్పుడు దాని మేకుకి పక్కింటి బిళ్ళ వేలాడుతోంది.